ఏ జంతువుకు ఏ తూటా: అమెరికాలో వేటకు పోయే మనవాళ్ళకు ఒక కర్నూలు బావ చెప్పే లెక్క

పోయిన నెల ఒక పొద్దున, చేనికి నీళ్ళు పెట్టి వచ్చి కాఫీ తాగుతుంటే డల్లాస్ నుంచి మా బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, వచ్చే వారం పందుల వేటకు పోతున్నాం. మా మేనేజర్ వాళ్ళ రాంచ్. ఏ గన్ను అడగాల?"

"గన్ను సంగతి తర్వాత. హంటింగ్ లైసెన్స్ తీసుకున్నావా?"

"టెక్సాస్‌లో పందులకు లైసెన్స్ అక్కర్లేదంట కదా."

"నువ్వు ఏ వీసా మీద ఉన్నావురా?"

అవతల కాసేపు మాట లేదు. ఆ రోజు వాడికి గంటన్నర సేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. శాన్ ఆంటోనియోలో తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసి ఊరికి తిరిగొచ్చినవాణ్ణి. అక్కడ తెలిసినవాళ్ళతో వేటకు పోయాను, తప్పులు కూడా చేశాను. ఇక్కడ మా చేను నందికొట్కూరు వైపు, రోళ్ళపాడు గడ్డిమైదానాలకు దగ్గర్లో ఉంటుంది. కృష్ణజింకల్ని రెండు దేశాల్లోనూ చూసినవాణ్ణి. ఒకచోట వాటి మీద రాయి వేయాలన్నా భయం, ఇంకోచోట డబ్బు కట్టి కొట్టొచ్చు.

మొదటి అడుగు: తుపాకీ కంటే ముందు చట్టం

ఇది మన దేశంలో వేటాడటం నేర్పే వ్యాసం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991లో దానికి చేసిన సవరణ తర్వాత ఇక్కడ సరదా వేట అన్నదే లేదు. కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉంది, పైగా మన రాష్ట్ర జంతువు. కొడితే మూడేళ్ళకు తగ్గని, ఏడేళ్ళ దాకా పోయే జైలు. ఒక హిందీ హీరోను ఇరవై ఏళ్ళు కోర్టుల చుట్టూ తిప్పింది ఈ జింకే. అడవిపంది మన బుడ్డల (వేరుశనగ) చేను ఎంత దున్నిపోసినా, 2022 సవరణ తర్వాత అది రెండో షెడ్యూల్ జంతువు. పంటకు ప్రమాదమని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే దాని మీద తుపాకీ ఎత్తాలి. ఉచ్చులు, నాటు బాంబులు, కరెంటు తీగలు పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ తీగలకు పందులకంటే ముందు పక్క చేను మనిషి బలైన కథలు మన వైపు ఎన్ని విన్నామో లెక్కలేదు.

మా తాతకు పంట కాపలా లైసెన్స్ మీద ఒక సింగిల్ బ్యారల్ పన్నెండు బోరు తుపాకీ ఉండేది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని గోనెసంచిలో చుట్టి స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవాడు. మన సీమలో తుపాకీ అనగానే జనానికి వేట గుర్తుకు రాదు, ఫ్యాక్షన్ గుర్తుకొస్తుంది. అందుకే మనవాళ్ళకు దాని గురించి మాటలు ఎక్కువ, లెక్క తక్కువ.

ఇప్పుడు అమెరికా సంగతి. హెచ్‌1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. స్నేహితుడి రైఫిల్ కాసేపు చేతిలోకి తీసుకున్నా అది కిందికే వస్తుంది. ఈ చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. మనవాళ్ళకు పనికొచ్చేది ఒకటి: ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్ జేబులో ఉండటం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ బాధ లేదు.

తిరకాసు ఎక్కడంటే, టెక్సాస్‌లో 2019 సెప్టెంబరు నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, పందుల వేటకు లైసెన్స్ అక్కర్లేదు. రాష్ట్రం అడగదు. కానీ మీ వీసాకు ఆ లైసెన్స్ కావాలి. మా బామ్మర్ది సరిగ్గా ఇక్కడే పడబోయాడు. రాష్ట్రం వద్దన్నా సరే, డబ్బు కట్టి తీసుకోండి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా తప్పనిసరి. పెద్దవాళ్ళు ఆన్‌లైన్‌లో పూర్తి చేయొచ్చు. వీసా విషయంలో ఏ చిన్న అనుమానం ఉన్నా లాయర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపులో కాదు.

కాలిబర్, అంటే బుల్లెట్ వ్యాసం మీద కూడా ఒక్కో రాష్ట్రానికి ఒక్కో మాట ఉంటుంది. టెక్సాస్‌లో దుప్పిని రిమ్‌ఫైర్ తూటాతో, అంటే .22 లాంటి వాటితో కొట్టకూడదు. వర్జీనియాలో దుప్పికి .23 కంటే తక్కువ కాలిబర్ పనికిరాదు, కాబట్టి .223 అక్కడ ఇంట్లోనే ఉండాలి. కొలరాడోలో .24కు తగ్గకూడదు. ఎల్క్ అనే పెద్ద దుప్పికైతే బుల్లెట్ బరువు 85 గ్రెయిన్లకు (తూటాల బరువుకు వాడే చిన్న కొలత) తగ్గకూడదు, 100 గజాల దగ్గర 1000 ఫుట్‌పౌండ్ల శక్తి మిగిలి ఉండాలి. ఒహాయోలో దుప్పిని రైఫిల్‌తో కొట్టాలంటే మెడ సన్నబడని, తిన్నటి గోడ ఉన్న కేసు (మందు పట్టే ఇత్తడి గొట్టం) తూటాలే వాడాలి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం బుల్లెట్టే నిషిద్ధం. అందుకే కాలిబర్ ఎంపిక షాపులో కాదు, ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ వెబ్‌సైట్‌లో మొదలవుతుంది.

రెండో అడుగు: ఈ అంకెల అర్థం

కాలిబర్ అంటే బుల్లెట్ వ్యాసం, అంతే. .308 అంటే అంగుళంలో వెయ్యి భాగాలు చేస్తే అందులో 308. మిల్లీమీటర్లలో 7.8కి దగ్గర. మన పోలీసుల చేతిలో చూసిన త్రీ నాట్ త్రీ కూడా ఈ కుటుంబానిదే. సైన్యం తూటా అని దాన్ని మన దేశంలో నిషిద్ధ బోరులో పెట్టారు. అందుకే ఇక్కడ లైసెన్స్ ఉన్నవాళ్ళ చేతిలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీవాళ్ళ .315 కనబడుతుంది.

పన్నెండు బోరు లెక్క వేరు. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసం గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌండు తూగుతాయి. అందుకే ఇరవై బోరు పన్నెండు బోరుకంటే చిన్నది. మా తాతకు ఇది తెలిసి ఉంటే ఊరి కట్ట మీద ఎన్ని పందేలు గెలిచేవాడో.

పేర్లలో మాత్రం ఒక పద్ధతి లేదు. .30-06లో 06 అంటే 1906, అమెరికా సైన్యం దాన్ని తీసుకున్న సంవత్సరం. .30-30లో రెండో 30 అంటే మొదట్లో అందులో పోసిన తుపాకీ మందు 30 గ్రెయిన్లు. .270లో బుల్లెట్ అసలు వ్యాసం .277. కంపెనీవాళ్ళు పేరు ఎలా పెట్టుకున్నా పట్టించుకోకండి.

పట్టించుకోవాల్సింది ఇది: .308, .30-06, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్, మూడింట్లోనూ బుల్లెట్ వ్యాసం ఒకటే. వెనక ఉన్న ఇత్తడి కేసు పొడవు వేరు: 51, 63, 67 మిల్లీమీటర్లు. కేసు పెరిగితే మందు ఎక్కువ పడుతుంది, వేగం పెరుగుతుంది. జొన్న చేను మంచె మీద పిట్టల్ని తోలేవాళ్ళు తెలుసు కదా? అదే రాయిని చేత్తో విసిరితే ఒక దూరం, ఒడిసెలతో తిప్పి వదిలితే ఇంకో దూరం. రాయి మారలేదు, చెయ్యి మారింది.

ఇంకో మాట, ఇది ప్రాణం సంగతి. బ్యారల్ మీద చెక్కిన పేరు, తూటా వెనక చెక్కిన పేరు అక్షరం అక్షరం కలవాలి. .223 కోసం చేసిన రైఫిల్లోకి .300 బ్లాక్‌అవుట్ తూటా కొన్నిసార్లు దూరుతుంది. దూరి పేలిందంటే తుపాకీ ముక్కలవుతుంది. ఒకే సంచిలో రెండు రకాల తూటాలు వేసుకోవద్దు.

మూడో అడుగు: జంతువును బట్టి కాలిబర్

టెక్సాస్ విచిత్రం ఏంటంటే, మన జంతువులు చాలావరకు అక్కడున్నాయి. చుక్కల దుప్పి, కృష్ణజింక, మనుబోతు (నీల్గాయ్), మూడూ 1930 ప్రాంతంలో రాంచ్‌లలో వదిలినవే. అక్కడ వాటిని పరాయి జంతువుల లెక్కలో వేశారు కాబట్టి వేటకు సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితీ లేదు. లైసెన్స్, భూమి యజమాని అనుమతి ఉంటే చాలు. అవి తిరిగే పొదలు కూడా మనకు కొత్త కాదు. వాళ్ళు మెస్కీట్ అనేది మన సర్కారు తుమ్మకు దాయాది. మొదటిసారి చూసినప్పుడు నాకు మా ఊరి చెరువు వెనక నిలబడినట్టే అనిపించింది.

కుందేలు, ఉడుత లాంటి చిన్నవాటికి .22 లాంగ్ రైఫిల్ చాలు. 1887 నుంచి ఉన్న తూటా. చప్పుడు తక్కువ, తన్ను (పేలినప్పుడు భుజాన్ని వెనక్కి తోసే దెబ్బ) లేదు, ధర తక్కువ. నేర్చుకునేవాళ్ళు ఎవరైనా దీంతోనే మొదలుపెట్టాలి. చిన్నది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. దీని డబ్బాల మీద మైలున్నర దాకా ప్రమాదం అని రాసి ఉంటుంది. కొండారెడ్డి బురుజు మీద నుంచి పేలిస్తే తుంగభద్ర దాకా పోగలదు.

కృష్ణజింక ముప్పై, నలభై కిలోల జంతువు. తోలు పలచన, ఎముక సన్నం. దాన్ని చంపడానికి పెద్ద శక్తి అక్కర్లేదు, తగిలించడమే కష్టం. బయలులో ఉంటుంది, మనిషిని దూరం నుంచే పసిగడుతుంది. గురి పెట్టాల్సిన చోటు ఆరంగుళాలకు మించదు, దూరం 150 నుంచి 250 గజాలు. కాబట్టి ఇక్కడ కావాల్సింది తిన్నగా పోయే తూటా, తక్కువ తన్ను. .243 విన్‌చెస్టర్ గానీ 6.5 క్రీడ్‌మూర్ గానీ దీనికి సరిగ్గా సరిపోతాయి. .300 మాగ్నమ్ తీసుకుపోయేవాళ్ళు ఉన్నారు. అది పెసరట్టు కోయడానికి కొడవలి తెచ్చినట్టు, మాంసం సగం పాడవుతుంది.

చుక్కల దుప్పి, అక్కడి తెల్లతోక దుప్పి రెంటికీ ఒకే లెక్క. .243 నుంచి .308 దాకా ఏదైనా సరే. చుక్కల దుప్పి మగది ఎనభై, తొంభై కిలోలు తూగుతుంది, కొంచెం గట్టిది. నన్నడిగితే .243 కంటే 6.5 క్రీడ్‌మూర్, .270, .308 మేలంటాను. పొదల మధ్య వంద గజాల లోపలైతే పాత .30-30 లీవర్ రైఫిల్ కూడా హాయిగా పని చేస్తుంది. 1895 నాటి తూటా అని చిన్నచూపు వద్దు.

పంది దగ్గర కాస్త ఆగాలి. అక్కడి పందీ మన అడవిపందీ ఒకే జాతి, అయితే వాటిది ఇంటి పందుల రక్తం కలిసిన సంతతి. యాభై కిలోల నుంచి నూట యాభై దాకా ఏదైనా రావచ్చు, చీకట్లో ఏది వస్తుందో తెలియదు. మగపంది భుజం మీద తోలు కింద డాలు లాంటి గట్టి పొర ఉంటుంది. పైగా గుండె, ఊపిరితిత్తులు దుప్పికంటే కిందికి, ముందుకు ఉంటాయి. దుప్పి అనుకుని భుజం వెనక మధ్యలో కొడితే కడుపులో తగులుతుంది, అది పొదలో పడి పోతుంది, మీరు రాత్రంతా వెతుక్కుంటారు. ముందు కాలు వెంట నిలువుగా పైకి పోయి, ఒంట్లో కింది మూడో వంతులో గురి పెట్టాలి. మంచి బుల్లెట్, మంచి గురి ఉన్నవాడికి .223 కూడా చాలు. మొదటిసారి పోయేవాడు .308 తీసుకోవాలి. మా బామ్మర్దికి అదే చెప్పాను.

మనుబోతు వేరే కథ. మగది రెండు వందల కిలోలు దాటుతుంది, తోలు మందం, మెడ, భుజాలు దుంగల్లా ఉంటాయి. తగిలినా తగలనట్టే పరిగెత్తడంలో దీనికి పేరు. దక్షిణ టెక్సాస్ గైడ్లు .300 విన్‌చెస్టర్ మాగ్నమ్, .338 లాంటివే తెమ్మంటారు. .30-06తో కొట్టేవాళ్ళూ ఉన్నారు, కానీ 180 గ్రెయిన్ల గట్టి బుల్లెట్‌తో, భుజం మీదే, కిందికి. .243తో దీని దగ్గరికి పోవద్దు.

ఎల్క్‌కు .270 నుంచి మొదలుపెట్టి 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్, .30-06, .300 మాగ్నమ్ దాకా. ఆఫ్రికాలో దున్న, ఏనుగు లాంటి ప్రమాదకర జంతువులకు చాలా దేశాల్లో .375కు తగ్గకూడదని చట్టమే ఉంది. 1912లో వచ్చిన .375 హెచ్ అండ్ హెచ్ ఇప్పటికీ అక్కడ కొలబద్ద. మనలో అక్కడిదాకా పోయేవాళ్ళు ఎందరు గనక, వదిలేద్దాం.

నాలుగో అడుగు: బుల్లెట్ రకం, నా తప్పు

కాలిబర్ మీద గంటలు వాదించేవాళ్ళు బుల్లెట్ రకం గురించి ఒక్క నిమిషం కూడా మాట్లాడరు. నేనూ అలాంటివాణ్ణే.

రెండో ఏడు, శాన్ ఆంటోనియోకు దక్షిణాన ఒక రాంచ్. స్నేహితుడి .223 రైఫిల్. పొద్దు గుంకిన అరగంటకు మక్కజొన్న పోసిన చోటికి ఆరు పందులు వచ్చాయి. తొంభై గజాలు ఉండదు. పెద్దదాని భుజం మీద గురి పెట్టి వదిలాను. తగిలిన చప్పుడు వినిపించింది, తడి గోనెసంచిని కట్టెతో కొట్టినట్టు. పంది ఒక్కసారి వంగింది, మెస్కీట్ పొదలోకి దూకింది. టార్చి వేసుకుని రెండు గంటలు వెతికాం. మొదటి ఇరవై అడుగుల్లో రూపాయి బిళ్ళంత రక్తపు చుక్కలు, తర్వాత ఆకు మీద ఒకటి, రాయి మీద ఒకటి. ఆ తర్వాత ఏమీ లేదు. ముళ్ళు గీరుకుని నా చేతుల నుంచి కారిన రక్తమే ఎక్కువ.

గదికి వచ్చాక డబ్బా తిప్పి చూశాను. ఫుల్ మెటల్ జాకెట్. షూటింగ్ రేంజ్‌లో అభ్యాసానికి కాల్చుకోవడానికి చవగ్గా అమ్మే తూటా. రాగి తొడుగు మొత్తం కప్పేసి ఉంటుంది కాబట్టి అది ఒంట్లో విచ్చుకోదు. పెన్సిల్‌తో పొడిచినట్టు సన్నటి బొక్క పెట్టి అవతలికి పోతుంది. జంతువు వెంటనే చావదు, గంటలకు గంటలు బాధపడి చస్తుంది. చాలా రాష్ట్రాల్లో పెద్ద జంతువుల వేటకు దాన్ని నిషేధించింది అందుకే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వేటకు విచ్చుకునే బుల్లెట్టే కావాలి. దుప్పి లాంటివాటికి మామూలు సాఫ్ట్ పాయింట్ చాలు. ముందు భాగంలో సీసం బయటికి కనబడుతుంది, తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ప్లాస్టిక్ మొన ఉన్నవి తొందరగా విచ్చుకుంటాయి, కృష్ణజింకకు మంచివి, పంది భుజానికి కావు. పందికి, మనుబోతుకు, ఎల్క్‌కు సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ రకం గానీ, మొత్తం రాగితో చేసినది గానీ తీసుకోండి. అవి ముక్కలు కాకుండా లోతుకు పోతాయి. మంచి బుల్లెట్ వేసిన .243, చెడ్డ బుల్లెట్ వేసిన .300 కంటే మేలు. ఇందులో నాకు అనుమానం లేదు.

ఐదో అడుగు: శక్తి లెక్క వేసుకోవడం

బుల్లెట్ బరువును గ్రెయిన్లలో తీసుకోండి. పౌండుకు 7000 గ్రెయిన్లు. వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకోండి. రెండూ డబ్బా మీదే ఉంటాయి. వేగాన్ని వేగంతో గుణించి, బరువుతో గుణించి, 4,50,240తో భాగించండి. ఫుట్‌పౌండ్లు వస్తాయి.

.308లో 150 గ్రెయిన్ల బుల్లెట్, 2820 అడుగుల వేగం అనుకుందాం. 2820ని 2820తో గుణించి, 150తో గుణించి, భాగిస్తే 2650 దగ్గర వస్తుంది. ఇదే లెక్కన .223లో 55 గ్రెయిన్లది 1280, .243లో 100 గ్రెయిన్లది 1945, 6.5 క్రీడ్‌మూర్‌లో 140ది 2265, .30-06లో 180ది 2915, .300 మాగ్నమ్‌లో 180ది 3500, .375లో 300ది 4265. ఇవి గొట్టం మూతి దగ్గర లెక్కలు. దూరం పోయేకొద్దీ తగ్గుతాయి. డబ్బా వెనక 100, 200, 300 గజాల అంకెలు కూడా వేస్తారు, చూడాల్సింది వాటిని. దుప్పికి తగిలే చోట వెయ్యి, ఎల్క్‌కు పదిహేను వందలు మిగలాలని వేటగాళ్ళ వాడుక లెక్క. ఇది వేదం కాదు గానీ అడ్డదిడ్డంగా పోకుండా ఆపుతుంది.

ఆరో అడుగు: మీ భుజం ఎంత ఓర్చుకుంటుంది

మగతనం ఇక్కడ పనికిరాదు. ఎనిమిది పౌండ్ల రైఫిల్ అనుకుంటే .243 సుమారు 9, 10 ఫుట్‌పౌండ్లతో వెనక్కి తంతుంది. .308 పదిహేడు దాకా, .30-06 ఇరవై, .300 మాగ్నమ్ ఇరవై ఆరు వరకు. తన్ను పెరిగేకొద్దీ మనిషి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసుకుంటాడు, భుజం వెనక్కి లాగుతాడు. దాన్నే ఫ్లించ్ అంటారు. అది ఒకసారి అలవాటైతే పోగొట్టుకోవడానికి నెలలు పడుతుంది. నా కనుబొమ మీద అరచందమామ లాంటి మచ్చ ఉంది. స్కోపుకు (రైఫిల్ మీది దుర్బిణికి) కన్ను మూడు, నాలుగు అంగుళాల దూరంలో ఉండాలని తెలియక, .300 మాగ్నమ్‌ను బట్టల షాపులో కుర్తా వేసి చూసినట్టు ఎత్తి కాల్చినందుకు వచ్చిన బహుమతి. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని చూపించి నవ్వుతుంది.

మీకు ఫ్లించ్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి. రేంజ్‌లో స్నేహితుణ్ణి రైఫిల్ నింపమనండి, కొన్నిసార్లు ఖాళీగా ఇమ్మనండి. ఏది ఖాళీయో మీకు తెలియకూడదు. ఖాళీ దాని మీద ట్రిగ్గర్ నొక్కినప్పుడు గొట్టం కిందికి కదిలిందా? ఫ్లించ్ ఉన్నట్టే. అయితే ఒక మెట్టు చిన్న కాలిబర్‌కు దిగండి. సిగ్గేమీ లేదు.

ఏడో అడుగు: ఒక్క రైఫిలే కొనాలంటే

.308. పంది, దుప్పి, కృష్ణజింక, గట్టి బుల్లెట్ వేస్తే ఎల్క్ దాకా పోతుంది. ఏ చిన్న ఊరి షాపులోనైనా తూటా దొరుకుతుంది. ఈ చివరి మాట చిన్నదిగా కనబడుతుంది గానీ, తూటాలు మర్చిపోయి రెండు వందల మైళ్ళు వచ్చాక తెలుస్తుంది దాని విలువ. తన్ను పడనివాళ్ళకు, సన్నటి ఆడపిల్లలకు 6.5 క్రీడ్‌మూర్. 2007లో వచ్చిన తూటా అయినా ఇప్పుడు అన్నిచోట్లా ఉంది. .30-06 నాకు ఇష్టం, కానీ ఎల్క్, మనుబోతు ఆలోచన లేనివాడికి ఆ అదనపు తన్ను దండగ.

ఎనిమిదో అడుగు: గురి కుదర్చడం

ఎంత మంచి కాలిబర్ ఎంచుకున్నా స్కోపు సరిచేయకుండా పోతే అంతా వృథా. మొదట 25 గజాల దగ్గర కాగితం మీద పడేట్టు చూసుకోండి, తర్వాత 100 గజాలకు పొండి. ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి మూడు గుళ్ళు కాల్చి, మూడింటి మధ్య బిందువు ఎక్కడుందో చూడండి. ఒక్క గుండు చూసి స్కోపు తిప్పేవాళ్ళు సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటారు.

ఎక్కువ స్కోపుల్లో ఒక క్లిక్ తిప్పితే 100 గజాల దగ్గర పావు అంగుళం జరుగుతుంది. రెండు అంగుళాలు కిందికి పడుతుంటే పైకి ఎనిమిది క్లిక్కులు. గొట్టం వేడెక్కితే గుళ్ళు పక్కకు జరుగుతాయి, మధ్యలో చల్లారనివ్వండి. .308ను 100 గజాల దగ్గర రెండంగుళాలు పైకి పెట్టుకుంటే 200 దగ్గర దాదాపు సున్నాకు వస్తుంది. 300 దగ్గర ఎనిమిది, తొమ్మిది అంగుళాలు కిందికి పడుతుంది. కొత్తవాళ్ళు 200 దాటి కొట్టొద్దు, ఆ లెక్కల జోలికే పోవద్దు. ఏ డబ్బా తూటాతో గురి కుదిర్చారో ఆ డబ్బానే వేటకు తీసుకుపోండి. కంపెనీ మారితే, బుల్లెట్ బరువు మారితే పడే చోటు మారుతుంది.

పొలంలో చివరి తనిఖీ: జంతువు వెనక ఏముందో చూడకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. .308 గుండు తప్పితే మైళ్ళు పోతుంది. వెనక మట్టి గట్టు గానీ గుట్ట గానీ ఉండాలి. ఆవు ఉందా, కంచె అవతల ఇల్లుందా, ఇంకో వేటగాడి టార్చి కదులుతోందా చూసుకోండి.

తిరిగొచ్చేటప్పుడు ఆ సంచి, ఆ ప్యాంటు జేబులు మొత్తం దులపండి. ఒక్క తూటా అడుగున మిగిలి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో స్కానర్ కింద కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు. కొమ్ములు గుర్తుగా ఇంటికి తెచ్చి హాల్లో తగిలించాలన్న సరదా కూడా వద్దు. ఇక్కడ ఆ కొమ్ము ఏ దేశం జింకదని అడిగేముందే జీపు వస్తుంది.

మా బామ్మర్ది లైసెన్స్ తీసుకున్నాడు. మేనేజర్ దగ్గర .308 అడిగి, బాండెడ్ తూటాల డబ్బా కొని, శనివారం పగలంతా రేంజ్‌లో కూర్చున్నాడు. ఆదివారం మన సాయంత్రం వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో పంపాడు. రెండంగుళాల్లో మూడు బొక్కలు.

"బాగుందిరా, పంది ఫొటో ఏది?"

"రాలేదు బావా. రాత్రంతా కూర్చున్నాం, దోమలు తిన్నాయి."

ఇక్కడికి వచ్చాయి. అదే రాత్రి రెండు గంటలప్పుడు మా చేన్లో పడి బుడ్డలు నాలుగు సాళ్ళు తవ్విపోశాయి. నేనూ మా చిన్నాయన కొడుకూ టార్చి వేసుకుని, నూనె డబ్బా కొట్టుకుంటూ గట్టు దాకా తరిమి వచ్చాం.